లాఠీకి నిజంతో పనిలేదు

(రాజుపాలెం దళితవాడలో ‘విసారణై’ సినిమా చూసిన మర్నాడు జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



నిన్న రాత్రి చర్చి ముందర తెల్లగుడ్డ కట్టి మనందరం కలిసి సినిమా చూశాం. పాటలుంటాయి, ఫైట్లుంటాయి అనుకుని వచ్చిన మన కుర్రాళ్లు కొందరు అరగంటకే లేచిపోయారు. ముసలమ్మలు మాత్రం కడదాకా కూర్చున్నారు. ఒక పెద్దమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ‘ఇంకెంతసేపు కొడతార్రా నాయనా’ అంది. ఆ సినిమాలో కూలీలు తమిళం మాట్లాడతారు. కొట్టే పోలీసులు మాత్రం తెలుగు మాట్లాడతారు. కూలీల మాటలు మేము పక్కన నిలబడి తెలుగులో చెప్పాల్సి వచ్చింది. పోలీసుల తిట్లకు ఆ అవసరం రాలేదు. అవి మనకి చిన్నప్పటినించీ తెలిసిన తిట్లే.

ఎందుకు తెలుగంటే, ఆ కథ పుట్టింది మన గుంటూరులో. ఎం. చంద్రకుమార్ అని కోయంబత్తూరు మనిషి, ఆటో డ్రైవరు. 1983లో కుర్రతనంలో పొట్ట చేతపట్టుకుని గుంటూరు వచ్చి పనిచేసుకుంటున్నాడు. చెయ్యని దొంగతనం ఒప్పుకోమని ఆయన్నీ, తోటివాళ్లనీ 13 రోజులు లాకప్పులో పెట్టి కొట్టారు. ఆ తర్వాత నెలల తరబడి జైలు. బయటికొచ్చి, ఆటో నడుపుకుంటూ, తన ఒంటి మీద జరిగిందంతా ‘లాకప్’ అనే పుస్తకంగా రాశాడు. దాన్ని పట్టుకుని దర్శకుడు వెట్రిమారన్ ఈ సినిమా తీశాడు. 2015లో వెనిస్ చిత్రోత్సవంలో చూపిస్తే ఆ ఆటో డ్రైవరు కూడా అక్కడికి వెళ్లాడు. 2016లో మన దేశంలో విడుదలైంది. ఉత్తమ తమిళ చిత్రంగా జాతీయ అవార్డు ఇచ్చారు. మన దేశం తరఫున ఆస్కార్ పోటీకి పంపారు.

1983లో మన రాజుపాలెం కూడా గుంటూరు జిల్లానే. 2022 ఏప్రిల్‌లో గదా మనం పల్నాడు జిల్లా అయింది. అంటే ఇది ఎక్కడో జరిగిన కథ కాదు. మన జిల్లా కేంద్రంలో, మన భాషలో జరిగిన కథ.

లేచిపోయిన తమ్ముళ్ల కోసం కథ రెండు మాటల్లో చెబుతాం. గుంటూరులో కొట్లలో పనిచేసుకునే తమిళ కుర్రాళ్లు పార్కులో పడుకుంటారు. గది అద్దె మిగిలితే ఇంటికి పంపొచ్చని. ఒక పెద్దవాడి ఇంట్లో దొంగతనం జరిగింది. దొంగలు తమిళం మాట్లాడారని తెలిసింది. పైనించి ఒత్తిడి. కేసు మూసెయ్యాలి. రాత్రిపూట ఒక కుర్రాణ్ణి ఆపి పేరు అడుగుతారు. అఫ్జల్ అంటాడు. ఇంకేముంది, అల్ ఖైదానా, ఐసిస్సా అని అడుగుతారు. తమిళవాణ్ణంటే ఎల్టీటీయీనా అని అడుగుతారు. ఈ ముక్క బాగా గుర్తు పెట్టుకోండి. ఆ కుర్రాడి చేతిలో బాంబు లేదు, కత్తి లేదు. ఉన్నది ఒక పేరు, ఒక భాష. తీవ్రవాది కావటానికి ఆ రెండూ చాలినయ్.

తర్వాత కొట్టుడు. కొట్టేవాళ్లకి కూడా వీళ్లు దొంగలు కాదని తెలుసు. తెలిసే కొడతారు. వాళ్లకి కావలసింది దొంగ కాదు, ఒప్పుకునే మనిషి. చివరికి జడ్జి ముందు నిలబెట్టినప్పుడు వాళ్ల మాట జడ్జికి తెలియదు. వేరే పని మీద అక్కడికొచ్చిన తమిళనాడు పోలీసు ఇన్‌స్పెక్టరు ముత్తువేల్‌ని తర్జుమా చెయ్యమంటే అసలు సంగతి బయటపడింది. జడ్జి వదిలేశాడు. లాకప్పులో ఎంత అరిచినా అందని మాట, ఒక మనిషి మధ్యలో నిలబడి చెప్పేసరికి అందింది.

అక్కడితో అయిపోతే బాగుండు. ముత్తువేల్ గుంటూరు వచ్చింది ఒక ఆడిటర్ కోసం. పెద్ద పెద్ద నాయకుల డబ్బుల గుట్టు తెలిసిన ఆడిటర్. ఆయన్ని ఎక్కడా కాగితం మీద రాయకుండా తీసుకుపోయి హింసిస్తే చచ్చిపోతాడు. ఆ స్టేషను తుడవటానికి పెట్టుకున్న మన కూలీ కుర్రాళ్ల చెవిన ఆ గుట్టు పడింది. సాక్షులు మిగలకూడదు గదా. వాళ్లని దొంగలని ముద్ర వేసి ఎన్‌కౌంటర్ చేశారు. మనసులో కాస్త జాలి ఉన్న ముత్తువేల్‌ని కూడా బతకనివ్వలేదు. ఒక పోలీసు మంచివాడైతే చాలదని ఈ సినిమా మనకి చెబుతున్నది.

ఇప్పుడు మా ఇంటి సంగతి ఒకటి చెప్పుకోవాలి. ఇన్నేళ్లూ సభల్లో చెప్పలేదు. నిన్న ఆ పెద్దమ్మ మాట విన్నాక చెప్పకుండా ఉండలేకపోతున్నాం.

అది 1991. మేము ఆరో తరగతి. మా నాయన ఒక ఆసామి దగ్గర పాలేరు. కాలవ గట్టున ఉండే ఆసామి ఆయిలింజను పోయింది. అదే రాత్రి మా నాయన్ని జీపులో ఎక్కించుకుపోయారు. ఏ కాగితమూ లేదు. మా అమ్మ స్టేషను బయట వేపచెట్టు కింద రెండు రాత్రులు కూర్చుంది. లోపల తొడల మీద రోకలి దొర్లిస్తున్నారని ఆమెకి కేకల్ని బట్టి తెలుస్తూనే ఉంది. రెండో రాత్రి మా నాయన ఒప్పుకున్నాడు. తీశానన్నాడు. ఎక్కడ పెట్టావంటే మొదట బావిలో అన్నాడు, తర్వాత గడ్డివాములో అన్నాడు. ఎక్కడా దొరకలేదు. దొరకలేదని మళ్లీ కొట్టారు. రాయని కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. మూడో రోజు ఆసామే వచ్చి ‘నా మనిషే, నేను పూచీ’ అని విడిపించుకుపోయాడు. ఆ పూచీకి బదులు మా నాయన ఏడాది జీతం లేకుండా పనిచేశాడు.

ఆరు నెలలకి ఇంజను దొరికింది. ఆసామి అల్లుడు పేకాట అప్పుకి కుదువ పెట్టాడు. ఆ అల్లుణ్ణి ఏ స్టేషనుకీ ఎవరూ పిలవలేదు. మా నాయన బతికినంతకాలం ఎడమకాలు ఈడ్చే నడిచాడు. మిరపకాయల బస్తా ఎత్తలేకపోయాడు. మాకు పోస్టింగ్ కాగితం వచ్చిన రోజున ‘ఉద్యోగమొస్తే ఇంక ఎవరూ చెయ్యెయ్యరు గదరా’ అని అడిగాడు. మా డిగ్రీ గురించి ఆయన అడిగిన ప్రశ్న అదొక్కటే.

అదే 1991 ఆగస్టు 6న చుండూరులో మనవాళ్లని ఎనిమిది మందిని నరికి గోతాల్లో కుక్కి కాలవలో పారేశారు. ఆ కేసులో ముద్దాయిలకి వకీళ్లున్నారు, బెయిళ్లున్నాయి. పదహారేళ్లకు 2007లో ప్రత్యేక కోర్టు శిక్ష వేస్తే, 2014లో హైకోర్టు నేరం రుజువు కాలేదని అందర్నీ వదిలేసింది. అనుమానం ఉంటే ముద్దాయికి మేలు జరగాలి అంటుంది చట్టం. ఆ మేలు వాళ్లకి దొరికింది. ఒక ఆయిలింజను కోసం పట్టుకుపోయిన మా నాయనకి మాత్రం అనుమానమే శిక్ష అయింది.

ఇక్కడ కొందరు అంటారు: ‘పంతులుగారూ, దొంగతనం వేరు. బాంబులు పెట్టేవాళ్లని కూడా కొట్టొద్దంటారా?’ ఇది మంచి ప్రశ్న. జవాబు చెప్పాలి.

2007 మే 18న హైదరాబాదులో మక్కా మసీదులో శుక్రవారం నమాజు వేళ బాంబు పేలి తొమ్మిది మంది చచ్చిపోయారు. ఆ తర్వాత జరిగిన పోలీసు కాల్పుల్లో ఇంకో ఐదుగురు పోయారు. దాని తర్వాత పాతబస్తీ నించి డజన్ల కొద్దీ ముస్లిం కుర్రాళ్లని ఎత్తుకుపోయారు. ఊరి బయట ఎక్కడెక్కడో దాచిపెట్టి కొట్టారని, కరెంటు షాకులిచ్చారని వాళ్లు చెప్పారు. రాష్ట్ర మైనారిటీల కమిషన్ తరఫున న్యాయవాది ఎల్. రవిచందర్ జైలుకెళ్లి వాళ్లతో మాట్లాడి, హింస జరిగిందని నివేదిక ఇచ్చారు. కోర్టుల్లో వాళ్ల మీద ఏదీ నిలబడలేదు. 2012లో రాష్ట్ర ప్రభుత్వం 70 మందికి పరిహారం ఇచ్చింది. ఇరవై మందికి తలా మూడు లక్షలు, యాభై మందికి తలా ఇరవై వేలు. మంచివాళ్లే అని సర్టిఫికెట్లు కూడా ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారం ఉత్తర్వు కూడా కొట్టేసింది.

మరి బాంబు పెట్టిందెవరు? తర్వాత దర్యాప్తు వేరే దారి పట్టింది. హిందూ తీవ్రవాద ముఠా అని వేరేవాళ్ల మీద కేసు పెట్టారు. 2018 ఏప్రిల్ 16న కోర్టు ఆ ఐదుగురినీ రుజువు లేదని వదిలేసింది. ఇంతమందిని పట్టుకుపోయి కొట్టినా మక్కా మసీదులో చచ్చిపోయినవాళ్లకి న్యాయం జరగలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో 2013 ఫిబ్రవరి 21న జరిగిన పేలుళ్ల సంగతి కూడా చూడండి. అక్కడ కోర్టులో సాక్షుల్ని పెట్టి నడిపిన కేసులో 2016లో ఐదుగురికి శిక్ష పడింది. కాబట్టి బాంబు పెట్టినవాణ్ణి వదిలెయ్యమని మేము అనటంలేదు. నిజంగా పెట్టినవాణ్ణి పట్టుకోమంటున్నాం. చేతికి చిక్కినవాణ్ణి కొడితే, నిజంగా పెట్టినవాడు ఇంట్లో హాయిగా నిద్రపోతాడు. మా నాయన కేకలేస్తుంటే ఆసామి అల్లుడు నిద్రపోలేదా?

అమెరికావాళ్లు కూడా ఇదే చేశారు. 2001 దాడుల తర్వాత అనుమానితుల్ని రహస్య జైళ్లలో పెట్టి, మొహం మీద గుడ్డ కప్పి నీళ్లు పోసి ఊపిరాడకుండా చేశారు. ‘జీరో డార్క్ థర్టీ’ అని 2012లో ఒక సినిమా వచ్చింది. అట్లా హింసిస్తేనే బిన్ లాడెన్ ఆచూకీ దొరికిందన్న భావం కలిగేట్టు ఉంటుంది ఆ సినిమా. 2014 డిసెంబరులో ఆ దేశ సెనేట్ కమిటీయే నివేదిక బయటపెట్టి, హింస వల్ల పనికొచ్చే సమాచారం రాలేదని తేల్చింది. నొప్పి తట్టుకోలేనివాడు ఎదుటివాడికి కావలసిందే చెబుతాడు. బావిలో ఉందంటాడు, వాములో ఉందంటాడు.

ఇదేమీ కొత్త సంగతి కాదు. మన జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నరోజుల్లో, 1855లో, చిత్రహింసల మీద ఇంగ్లీషువాళ్లే ఒక కమిషన్ వేసి నివేదిక రాయించారు. పన్ను కట్టనివాళ్లనీ, దొంగతనం అంటగట్టినవాళ్లనీ చేతులకి కిట్టి బిగించి, మెడకీ కాళ్లకీ కలిపి తాడుకట్టి ఎండలో వంచి ఉంచేవాళ్లని అందులో ఉంది. అందుకే 1872 సాక్ష్య చట్టంలో, 25వ సెక్షన్ కింద, పోలీసుల ముందు ఒప్పుకున్నది సాక్ష్యంగా చెల్లదని రాశారు. 2024 జూలై 1 నించి వచ్చిన కొత్త సాక్ష్య చట్టంలో కూడా, 23వ సెక్షన్‌లో, అదే ఉంది. ఒప్పుకోలు కోసం కొట్టిన పోలీసుకి ఏడేళ్లు, గట్టి గాయమైతే పదేళ్ల దాకా శిక్ష అని కొత్త న్యాయ సంహిత 120వ సెక్షన్ చెబుతున్నది. పాత చట్టంలో అవి 330, 331.

మరి చెల్లని ఒప్పుకోలు కోసం ఎందుకు కొడతారు? ఒక సందు ఉంది. ముద్దాయి చెప్పిన మాట వల్ల వస్తువు దొరికితే, ఆ మేరకు ఆ మాట చెల్లుతుంది. దాన్నే ‘రికవరీ’ అంటారు. ఆ రికవరీ కోసం కొడతారు. కొన్నిసార్లు వస్తువు వాళ్లే తెచ్చి పెడతారు. తీవ్రవాదం పేరుతో వచ్చిన టాడా చట్టమైతే సందు కాదు, ఏకంగా తలుపే తెరిచింది. ఎస్పీ స్థాయి అధికారి ముందు ఒప్పుకుంటే సాక్ష్యం అన్నది. డెబ్బై వేలమందికి పైగా అందులో పట్టుకుపోయారు. శిక్ష పడింది నూటికి ఇద్దరికి కూడా కాదు. మన రాష్ట్రంలో నక్సలైట్లకి అన్నం పెట్టారని పేద జనం మీద కూడా ఆ చట్టం పెట్టారు. 1995లో అది పోయింది. 2002లో పోటా వచ్చింది, 2004లో అదీ పోయింది. పేర్లు మారినా పట్టుకుపోయే ఇళ్లు మారలేదు. దేశంలో జైళ్లలో ఉన్న ప్రతి నలుగురిలో ముగ్గురు ఇంకా నేరం రుజువు కాని విచారణ ఖైదీలేనని 2022 లెక్క. ఐక్యరాజ్య సమితి చిత్రహింసల వ్యతిరేక ఒప్పందం మీద మన దేశం 1997లో సంతకం పెట్టింది. దాన్ని ఆమోదించి చట్టం మాత్రం ఇంతవరకూ చెయ్యలేదు.

ఇప్పుడు మనల్ని మనం కూడా ఒకమాట అడుక్కోవాలి. కోపం రావచ్చు, అయినా అడుగుతాం. తెలుగు సినిమాలో హీరో పోలీసు డ్రెస్సు వేసుకుని అనుమానితుణ్ణి తలకిందులుగా వేలాడదీసి కొడుతుంటే ఈల వేస్తున్నదెవరు? మన కుర్రాళ్లే. ఆ వేలాడేవాడి ఒంటి రంగు, వాడి పేటా చూడండి తమ్ముళ్లూ. వాడు మనవాడే. ఇంకొక మాట. మొన్న మన వాడలో కోళ్లు పోతే ఏం చేశాం? ఊరి చివర గుడిసెలేసుకున్న ఎరుకల వాళ్ల దగ్గరికి కర్రలు పట్టుకుని పోలేదా? 1871లో ఇంగ్లీషువాడు నేరస్తుల జాతుల చట్టం తెచ్చాడు. 1911 తర్వాత దాన్ని మన ప్రాంతంలోనూ అమలుచేసి ఎరుకల వాళ్లని స్టూవర్టుపురం సెటిల్‌మెంటులో పెట్టారు. పుట్టుకతోనే దొంగ అన్నారు. 1952లో ఆ చట్టం రద్దయింది. మన బుర్రల్లో మాత్రం రద్దు కాలేదు. పుట్టుకతో మనిషి అంటరానివాడు కాదని మనం అంటాం. పుట్టుకతో దొంగ, పుట్టుకతో టెర్రరిస్టు అన్న మాట మన నోట ఎట్లా వస్తుంది? పాతబస్తీ కుర్రాణ్ణి కొట్టిన లాఠీ, ఎరుకల గుడిసెకి పోయే లాఠీ, మా నాయన మీద పడ్డ లాఠీ ఒకటే. అది వెతికేది నేరం చేసినవాణ్ణి కాదు, వెనక ఎవరూ లేనివాణ్ణి.

కాబట్టి మనం చెయ్యాల్సిన పని తేలిగ్గానే తెలుస్తున్నది. వెనక మనిషిగా నిలబడాలి. మా అమ్మ రెండు రాత్రులు ఒంటరిగా కూర్చుంది. ఆమెతో పాటు యాభై మంది కూర్చుని ఉంటే, ఒకడు కాగితం రాసి ఉంటే, మా నాయన కాలు మిగిలేది. అప్పుడు మన వాడలో కాగితం రాయగలిగినవాళ్లు లేరు. ఇప్పుడు మేమున్నాం, మీ పిల్లలున్నారు.

ఏం చెయ్యాలో చెబుతాం, పిల్లల చేత నోటుబుక్కులో రాయించుకోండి.

ఒకటి. ఎవరినైనా పట్టుకుపోతే ఆ రాత్రే కనీసం పదిమంది స్టేషనుకి పోవాలి. ఆడవాళ్లు కూడా రావాలి. గొడవ వద్దు. ఎందుకు తెచ్చారు, అరెస్టు కాగితం ఏదీ అని అడగండి. అరెస్టు చేసే పోలీసు పేరు కనపడే బ్యాడ్జి పెట్టుకోవాలి. అరెస్టు కాగితం మీద ఇంటివాళ్లో ఊరివాళ్లో ఒకరు సాక్షి సంతకం చెయ్యాలి. కొత్త నాగరిక సురక్షా సంహితలో అది 36వ సెక్షన్. ఎందుకు అరెస్టు చేశారో చెప్పాలి, అది 47. ఇంటివాళ్లకి కబురు చెయ్యాలి, అది 48.

రెండు. టైము రాసుకోండి. తీసుకుపోయిన గంట, నిమిషం. దారి ఖర్చయిన సమయం పోను 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు పెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతున్నది. బాబాసాహెబ్ రాయించిన మాట అది. గడువు దాటితే ఎస్పీకి, జిల్లా జడ్జికి రాతపూర్వకంగా పంపండి. హైకోర్టులో హెబియస్ కార్పస్ వెయ్యొచ్చు.

మూడు. వకీలు. ఎస్సీ, ఎస్టీలకీ, ఆడవాళ్లకీ, కస్టడీలో ఉన్న ఎవరికైనా ప్రభుత్వమే ఉచితంగా వకీల్ని ఇవ్వాలి. 15100 అనే నంబరుకి ఫోన్ చెయ్యండి, పైసా ఖర్చు లేదు.

నాలుగు. మేజిస్ట్రేటు ముందు నోరు విప్పాలి. దెబ్బలుంటే చొక్కా ఎత్తి చూపించాలి. డాక్టరు పరీక్ష అడగాలి. స్టేషన్లలో కెమెరాలు పెట్టి, రికార్డు కనీసం ఏడాది దాచాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ రికార్డు కావాలని వెంటనే కాగితం పెట్టండి.

ఐదు. రాయని కాగితం మీద సంతకం, వేలిముద్ర వెయ్యొద్దు. ఇది మా నాయన చెప్పిన సెక్షన్.

కాగితం వల్ల ఏమవుద్దిలే అనుకోవద్దు. లాకప్పు చావుల గురించి పేపర్లో చదివి డి.కె. బసు అనే ఆయన 1986లో సుప్రీంకోర్టుకి ఒక ఉత్తరం రాశాడు. పదేళ్లు పట్టింది గానీ, 1996 డిసెంబరు 18న వచ్చిన తీర్పు ఆ ఉత్తరం మీదనే. ఇందాక చెప్పిన అరెస్టు కాగితం, సాక్షి సంతకం, ఇంటికి కబురు, అన్నీ ఆ తీర్పులో ఉన్నాయి. మన బొజ్జా తారకం గారు మనలాంటివాళ్ల కోసమే ‘పోలీసులు అరెస్టు చేస్తే’ అనే చిన్న పుస్తకం రాశారు. పుస్తకం పాతది, సెక్షన్ల నంబర్లు మారినయ్. అందులో నేర్పిన ధైర్యం మారలేదు. ప్రతి వాడలో అది ఉండాలి, చదివి వినిపించేవాళ్లు ఉండాలి.

ఈ కాగితాలన్నీ ఉన్నా కొడుతూనే ఉన్నారు, నిజమే. 2020లో సీతానగరం స్టేషనులో దళిత కుర్రాడికి గుండు కొట్టించారు. 2021లో అడ్డగూడూరు స్టేషనులో దొంగతనం అనుమానంతో తెచ్చిన దళిత మహిళ ప్రాణం పోయింది. అడ్డగూడూరులో జనం కదిలారు, హక్కుల సంఘాలు హైకోర్టుకి పోయాయి, ముగ్గురు పోలీసుల ఉద్యోగాలు పోయాయి. పోయిన ప్రాణం రాలేదు. అయినా అడిగినచోట ఆ మాత్రం కదిలింది. అడగనిచోట మా నాయనలాగే కాలు ఈడ్చుకుంటూ ఇంటికొచ్చారు.

చివరగా ఒక తీర్మానం పెడదాం. మన వాడ నించి ఐదుగురు పేర్లు ఇవ్వండి, ఇద్దరు ఆడవాళ్లు తప్పకుండా ఉండాలి. రాత్రి ఏ వేళ ఫోన్ వచ్చినా స్టేషనుకి పోయేవాళ్లు. మా పేరు మొదట రాసుకోండి. ఇంకొక షరతు. ఆ ఫోను ఎరుకల గుడిసె నించి వచ్చినా, సాయబుల వీధి నించి వచ్చినా పోవాలి. ఒప్పుకున్నవాళ్లే పేరివ్వండి.

కుర్రాళ్లు కోరితే వచ్చే ఆదివారం ఆ సినిమా మళ్లీ వేస్తాం. ఈసారి కడదాకా కూర్చోండి.

జై భీమ్.